ముందు బడి సారు, తర్వాతే కోచ్

మేడ్చల్‌లో సికింద్రాబాద్ రైలెక్కితే బొల్లారం, అల్వాల్ దాటాక అమ్ముగూడ స్టేషన్ వస్తుంది. మన బడిలో చదివే రోజుల్లో ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన తులసీదాస్ బలరాం ఊరు అదేనని మాత్రం చాలా ఏళ్లకుగానీ తెలియలేదు. ఆ పిల్లవాణ్ణి చేరదీసిన గురువు గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకు ఆడారు. ఆ తర్వాత ఎంచుకున్న వృత్తి ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బళ్లలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడు మొదలు 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు మన పోలీసులదే. ఆయన పద్ధతి అచ్చం బడి పంతులు పద్ధతే. బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని తనదగ్గరే ఉంచుకోకుండా వెంటనే అందించాలని మరికొన్ని పోటీలు. ఏ పాఠం రాదో, ఆ పాఠమే మళ్లీ మళ్లీ చదివించడమన్నమాట.

బలరాంలో సత్తా ఉంది కానీ, అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి రావడానికి చేతిలో డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు రహీం సాబ్ డబ్బులిచ్చి రప్పించారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం సాబ్ జట్టుకు స్వర్ణం వచ్చింది. 1962లో జకార్తా వెళ్లేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ వేశారు. 2-1తో స్వర్ణం మనదైంది. బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

నేనూ చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణే. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్‌లో లెక్కలు చేయించాను. శామీర్‌పేట వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు బాగా ఆడేవాడు. సాయంత్రం ప్రాక్టీసుకు రావడం మానేశాడు. ఆఖరి బస్సు దొరకదనే మానేశాడని తర్వాత తెలిసింది. కారణం అడగాలని అప్పుడు నాకు తోచలేదు. రహీం సాబ్ కథ చదివినప్పుడల్లా ఆ పిల్లవాడే గుర్తొస్తాడు.

మన పూర్వ విద్యార్థుల సంఘానికి నా మనవి ఒకటే. ఈ స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత, సాయంత్రం ఆటకు ఆగిపోయే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటికి చేరే దారి ఖర్చుకు కేటాయించండి. నా వంతు మొదటి చందా ఇస్తాను.