దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు: స్నేహముగా మారిన ప్రేమ

దేవుని ప్రేమను గూర్చి ప్రసంగము వినని ఆదివారము మన సంఘములలో అరుదు. పాటలలోను, ప్రార్థనలలోను, మన ఇండ్ల గోడలకు వ్రేలాడు క్యాలెండర్లలోను ఆ మాట మనకు నిత్యము కనబడుచునే యున్నది. అయితే ఆ ప్రేమ గుడి గడప దాటి మన పొరుగువాని యొద్దకు ఏ రూపమున చేరవలెను? లేనివానికి ఇంత పెట్టినచో చాలునా? జబ్బుపడినవానికి మందులకు సొమ్మిచ్చినచో మన పని తీరినట్లేనా? దోర్నకల్ మొదటి బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితము ఈ ప్రశ్నకు మంచి జవాబని మేము తలంచుచున్నాము. మన అధ్యక్ష మండలపు పెద్దలును పిన్నలును వారి చరిత్రను మరల జ్ఞాపకము చేసికొనుట మేలు.

అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళ దేశములోని తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి ఎలెన్ గారు ఎన్నో ఏండ్లు ఎదురుచూచి, ప్రార్థించి కనిన కుమారుడు గనుక హన్నా కుమారుని పేరే పెట్టిరి. చిన్నతనముననే తండ్రి గతించగా తల్లి వారిని భక్తియందును క్రమశిక్షణయందును పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టా చేతికి రాలేదు. 1895 మొదలుకొని వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగి యువకుల మధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆ వివాహములో కట్నము పుచ్చుకొనలేదు, ఆడంబరము చేయలేదు. ప్రేమను గూర్చి బోధించువాడు దానిని మొదట తన ఇంటిలోనే చూపవలెనని వారు ఆనాడే తెలిసికొని యుండిరి.

1902లో వారు నేటి శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తామే సొమ్ము కూర్చుకొని దూర ప్రాంతములకు సువార్తికులను పంపుచుండుట చూచిరి. తిరునెల్వేలి సంఘము పెద్ద సంఘము; అయినను ఇంకను పరదేశుల యొద్ద పుచ్చుకొనుచునే యున్నది. ఈ తలంపు వారి మనస్సును నొప్పించెను. 1903లో స్నేహితులతో కూడి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. మన మనుష్యులే వెళ్లవలెను, మన సొమ్మే ఖర్చు కావలెను, మనమే నడిపించుకొనవలెను అనునది దాని నియమము. నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము ఆ సొసైటీకి సేవాక్షేత్రమాయెను. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడును వారు ముందుండిరి. అయితే ఇతరులను పొండని పిలుచుచు తాము మాత్రము కార్యదర్శి కుర్చీలో నుండుట వారికి సరిపడలేదు. 1909లో ఆ పదవిని విడిచి, గురువుగా అభిషేకము పొంది, ముప్పది అయిదవ యేట దోర్నకల్ చేరిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1910 జూన్ నెలలో, స్కాట్లాండులోని ఎడిన్‌బరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ఇంచుమించు 1,200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియా వాసులు దాదాపు ఇరువది మంది మాత్రమే. విదేశ మిషనరీలకును దేశీయ సేవకులకును మధ్య నుండవలసిన సహకారమును గూర్చి మాటలాడుమని అజరయ్య గారిని కోరిరి. వారు మొహమాటపడలేదు. మిషనరీలు ఇల్లు వాకిలి విడిచి వచ్చి చేసిన త్యాగమును నిండు మనస్సుతో ఒప్పుకొనిరి. కాని ఏండ్ల తరబడి కలిసి పనిచేసినను దేశీయ సేవకుని ఇంటి గడప త్రొక్కనివారును, అతనిని తమ బల్లయొద్దకు పిలువనివారును ఉన్నారని చెప్పిరి. కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని పదమూడవ అధ్యాయమును జ్ఞాపకము చేసి, ఆస్తిని పంచిపెట్టినను ప్రాణమునిచ్చినను ప్రేమకు సాటి రాదనియు, తమ దేశము ఇంకను అడుగుచున్నది స్నేహితులనే ననియు ముగించిరి. సభలో కొందరికి ఆ మాటలు ముల్లువలె గ్రుచ్చుకొనెను. నూరేండ్లు దాటినను ఆ మహాసభ చరిత్ర వ్రాయువారు ఆ ప్రసంగమును విడిచిపెట్టలేదు.

వారు చెప్పినదానిని మనము నెమ్మదిగా ఆలోచింపవలెను. పెట్టు చేయి ఎప్పుడును పైన నుండును, పుచ్చుకొను చేయి క్రింద నుండును. స్నేహములో మాత్రము రెండు చేతులును సమముగా నుండును. దేవుడు మనలను ప్రేమించినప్పుడు పరలోకమునుండి దానములు మాత్రమే పంపి ఊరకుండలేదు. తన కుమారుని మన మధ్యకు పంపెను. ఆ కుమారుడు సుంకరుల ఇండ్లలో భుజించెను, సమరయ స్త్రీని దాహమునకు నీళ్లడిగెను, తన శిష్యులను స్నేహితులని పిలిచెను. కాబట్టి బల్లయొద్దకు చేరని ప్రేమ ఇంకను సగము దారిలోనే యున్నది.

ఇక్కడ మరియొక సంగతి గలదు. ఎడిన్‌బరోలో నల్లవాడుగా తెల్లవారిని స్నేహమడిగిన అజరయ్య గారు, దోర్నకల్‌లో తామే పరదేశి. వారి భాష తమిళము, ఇచ్చటి భాష తెలుగు. వారు ఇంగ్లీషు చదువు చదివినవారు. ఇచ్చటి విశ్వాసులలో అధికులు ఊరి వెలుపల వాడలలో నివసించు మాల, మాదిగ కూలివారు, అక్షరము రానివారు. దొరల యొద్ద తాము కోరిన స్నేహమును ఆ కూలివానికి తామిచ్చిరా? ఎడిన్‌బరో ప్రసంగమునకు విలువ కట్టవలసినది ఈ ప్రశ్నతోనే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో వారు బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు వారే. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ దొరగారు దీనికై పట్టుదలతో పాటుపడిరి. ఒక భారతీయుని క్రింద పనిచేయుటకు ఇష్టపడని మిషనరీలును ఉండిరి. పల్లెలలో వారు చేసిన పనియే ఆ వ్యతిరేకతకు జవాబాయెను. తెలుగు నేర్చుకొని తెలుగులోనే బోధించిరి. ఎడ్లబండిమీదను సైకిలుమీదను ఊరూరు తిరిగిరి. భజనలు, కాలక్షేపములు, మన జనులెరిగిన రాగములు ఆరాధనలోనికి రావలెనని ప్రోత్సహించిరి. పల్లె ప్రజలను పీడించు దయ్యములు నాలుగని చెప్పుచుండిరి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. షావుకారు పద్దులో చిక్కుకొనినవానికి దేవుని ప్రేమ అప్పులోనుండి లేచు దారిని కూడ చూపవలెనని వారెరుగుదురు. బోధకులకు శిక్షణ నిచ్చునప్పుడు వారి భార్యలకును చదువు చెప్పించిరి. అన్బు అమ్మగారు స్త్రీల మధ్య ఆ సేవలో భర్తకు తోడై యుండిరి.

బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తామే చేయి యుంచుకొని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపకున్నచో తమకు శ్రమయనియు పలుకునట్లు నేర్పిరి. ఈ విధముగా పౌలు భారము పాలేరు భుజముమీదికి వచ్చెను. సువార్త చెప్పుట జీతము పుచ్చుకొను ఉపదేశి పనియే గదా యను తలంపును వారు నిలువనీయలేదు. ఏటేట సాక్ష్య వారము జరుపబడెను. ఆ దినములలో పురుషులు, స్త్రీలు, పిల్లలు పాటలు పాడుచు పొరుగువారి యొద్దకును పొరుగు గ్రామములకును వెళ్లుచుండిరి. ఇచ్చుట క్రైస్తవుని భాగ్యమని బోధించి, ఆ విషయమై ఒక పుస్తకమును వ్రాసిరి. అన్నము వండునప్పుడు తీసి వేరుగా నుంచు పిడికెడు బియ్యము, కోతకాలపు పండుగకు తెచ్చు ధాన్యము, కోడిపిల్ల, గుమ్మడికాయ మన తల్లులెరిగిన కానుకలే. స్నేహితుని యొద్ద పుచ్చుకొనుటకు ఎవరును సిగ్గుపడరు. అజరయ్య గారు బీదలకు ఇచ్చుటతో తృప్తిపడక, బీదలును ఇయ్యగలరని నమ్మిరి. వారి స్నేహమునకు ఇంతకంటె గొప్ప ఋజువు మాకు కనబడుట లేదు.

దీని ఫలమేమి? 1920 తరువాతి సంవత్సరములలో ఊరిలోని రైతు కులములవారును ఇతర వృత్తులవారును వేలకొలదిగా ప్రభువు నొద్దకు వచ్చిరి. వారిని కదిలించినది ఏ పండితుని వాదము కాదు. నిన్నటివరకు త్రాగి కొట్లాడుకొనినవారు శుభ్రమైన బట్ట కట్టి, బిడ్డలను బడికి పంపి, సాయంకాలమున కలిసి ప్రార్థన చేసికొనుట వారు తమ పొలముల గట్లమీదనుండి చూచుచుండిరి. తమ పొలములో పనిచేయు కూలివారి బ్రదుకులు మారుట చూచి మేము నమ్మితిమని వారిలో అనేకులు సాక్ష్యమిచ్చిరి. అజరయ్య గారి అంత్యకాలమునకు ఆ అధ్యక్ష మండలములో క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

అంతయు చక్కబడెనని మాత్రము చెప్పలేము. మాలవారికిని మాదిగవారికిని మధ్యనున్న పాత ఎడము సంఘములోనికి కూడ వచ్చెను; ఒకే గిన్నెలోనుండి ప్రభువు రక్తములో పాలుపొందుటకు వెనుకాడిన సందర్భములుండెను. అజరయ్య గారు ఈ విషయములో లొంగలేదు. ప్రభువు బల్లయొద్ద ఎవరికిని వేరు చోటు లేదని పట్టుపట్టిరి. సంఘశాఖల విభజన కూడ వారి దృష్టికి ప్రేమ లోపమే. 1919లో తరంగంబాడిలో సంఘైక్యతకు పునాది వేసిన సభకు వారే నాయకులు. 1939 జనవరి 6వ తేదీన దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ ప్రతిష్ఠింపబడెను. అది పరదేశపు గుడివలె గాక మన దేశపు గుమ్మటములతోను స్తంభములతోను నిలిచియున్నది. 1945 జనవరి 1వ తేదీన వారు ప్రభువునందు నిద్రించిరి. దోర్నకల్‌లోనే సమాధి చేయబడిరి. వారు కోరిన ఐక్యత 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను.

ప్రియ సంఘస్థులారా, ఈ చరిత్ర చదివి సంతోషించి పుస్తకము మూసివేయుట సులభము. అయితే ఎడిన్‌బరోలో అడుగబడిన ప్రశ్న ఇప్పుడు మన గుమ్మములయొద్దకు వచ్చినది. ఆనాడు అది దొరల ఇండ్లను గూర్చి. ఈనాడు మన ఇండ్లను గూర్చి. మన ఇంట అంట్లు తోము అమ్మ మన సంఘములోనే సభ్యురాలైనచో, ఆమె మన ఇంట ఎచ్చట కూర్చుండి భుజించును? సంఘములో ఒక వర్గమువారి పెండ్లికి మరియొక వర్గమువారు కానుక పంపి ఊరకుందురా, లేక పోయి పంక్తిలో కూర్చుందురా? కట్నము మాట వచ్చినప్పుడు మన క్రైస్తవ్యము ఎచ్చట దాగుకొనును? ఒడిశానుండి, బీహారునుండి ఇటుక బట్టీలలో పనికి వచ్చినవారు మన ప్రక్కనే యున్నారు. వారికి క్రిస్మస్ నాడు దుప్పటి యిచ్చుట మంచిదే. వారి పేరేమి, వారి బిడ్డలెందరు, వారి ఊరిలో ఈ యేడు వానలు పడెనా అని ఎవరైన అడిగితిరా?

దీనికి గొప్ప పథకము అక్కరలేదు. మనము ఇంతవరకు ఏదో ఇచ్చి పంపివేసిన ఒక కుటుంబమును మన భోజనమునకు పిలుతము. వారు పిలిచినప్పుడు మనమును పోయి, వారు పెట్టినది సంతోషముగా తిందము. దేవుని ప్రేమ ఎట్టిదో అప్పుడు మనకును వారికిని కొంత బోధపడును. తన కుమారునియందు మనలను స్నేహితులుగా చేసికొనిన దేవుడు ఆ ధైర్యమును, ఆ వినయమును మనకందరికిని దయచేయును గాక. ఆమెన్.