కాకినాడ చేరిన హాల్డేన్

దుమ్ముగూడెం వైపు ఒక కోయగూడెంలో కిందటేడు రక్తపరీక్షల శిబిరం పెట్టారు. సాయంగా రమ్మంటే నేనూ వెళ్లాను. వేలి చివర చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం, అంతే పని. అందరూ వచ్చారు గానీ ఒక తల్లి మాత్రం వేలు చాపనంది. ఆమె చిన్నపిల్లకు అప్పటికే సికిల్ సెల్ జబ్బు ఉందని తేలింది. తనకూ లేదు, మొగుడికీ లేదు, మరి పిల్లకెక్కడినుంచి వచ్చింది టీచరమ్మా అని నన్ను నిలదీసింది. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ పూట నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఆ ప్రశ్న చుట్టూనే ఏళ్ల తరబడి తిరిగిన ఒక ఇంగ్లీషాయన కనిపించాడు. పేరు జె.బి.ఎస్. హాల్డేన్. పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో, 1892 నవంబరు 5న. ఆయన దేహం చివరికి చేరింది మన కాకినాడకి!

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా శాస్త్రవేత్తే. బొగ్గుగనుల్లో గాలి ఎలా విషమవుతుందో తేల్చిన మనిషి. విషవాయువును ముందే పసిగట్టడానికి గనిలోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్లమని చెప్పింది ఆయనే. కొడుకును పసితనంలోనే గనిలోకి దించి, మండే వాయువు నిండిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని మాటలు అప్పజెప్పించాడట. కాసేపటికి పిల్లవాడు కాళ్లు తేలేసి పడిపోయాడు. కింద గాలి మంచిదేనని అప్పుడు తెలిసొచ్చింది, ఎందుకంటే ఆ వాయువు తేలికై పైకి పోతుంది. మాది ఇల్లెందు, మా నాన్న గనిలో దిగినవారే. ఇది చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. తల్లి ఏమందో మాత్రం ఎక్కడా కనబడలేదు.

చెల్లెలు నవోమి సంగతి చెప్పుకుని తీరాలి. 1908 ప్రాంతంలో, పట్టుమని పదకొండేళ్లు లేని ఆ పిల్ల, ఇంటి ముందు పచ్చికలో గినీ పందుల్ని పెంచేది. ఏ రంగుదానికి ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో అన్నాచెల్లెళ్లిద్దరూ లెక్క రాసుకునేవారు. తర్వాత ఎలుకల మీదకి మళ్లారు. 1915లో అన్న యుద్ధంలో ఉండగా అచ్చయిన ఆ పరిశోధన వ్యాసం మీద చెల్లెలి పేరు కూడా ఉంది. నవోమి పెద్దయ్యాక పేరున్న రచయిత్రి అయింది.

హాల్డేన్‌కి లెక్కలంటే ప్రాణం. ప్రకృతి ఒక లక్షణాన్ని ఎన్ని తరాల్లో పెంచుతుందో, ఎన్ని తరాల్లో తుడిచేస్తుందో కాగితం మీద లెక్కగట్టిన కొద్దిమందిలో ఆయనొకడు. మొండివాడు కూడా. పెళ్లయిన షార్లెట్‌ని ప్రేమించినందుకు కేంబ్రిడ్జి వాళ్లు ఉద్యోగం తీసేస్తే, పోరాడి మళ్లీ తెచ్చుకున్నాడు, 1926లో ఆవిణ్ని పెళ్లాడాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, కార్మికుల పత్రికకు సైన్సు వ్యాసాలు రాశాడు. ఖమ్మం జిల్లా దాన్ని కాబట్టి ఇంకో మాటా దాచను. రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్ని అణగదొక్కుతుంటే హాల్డేన్ గట్టిగా ఖండించలేకపోయాడు. పార్టీని వదిలాడు గానీ, చాలా ఆలస్యంగా.

1949కి వద్దాం. మధ్యధరా సముద్రం ఒడ్డు ఊళ్లలో తలసేమియా అనే రక్తజబ్బు ఎక్కువ. పిల్లల్ని చంపే జబ్బు తరతరాలకీ తగ్గిపోవాలి కదా, ఎందుకు తగ్గడంలేదు? అక్కడ మలేరియా కూడా ఎక్కువేనని హాల్డేన్ గమనించాడు. చెడ్డ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఆ మనిషికి జబ్బు రాదు, పైగా మలేరియా నుంచి కొంత కాపుదల దొరుకుతుందేమోనని ఊహించాడు. ఇద్దరినుంచీ రెండూ వచ్చిన బిడ్డకే కష్టం. 1954లో ఆలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఇదే నిజమని చూపించాడు. మన భద్రాచలం ఏజెన్సీ మలేరియాకి పెట్టింది పేరు. గూడెంలో నన్ను నిలదీసిన తల్లికి జవాబు ఇక్కడుందన్నమాట. ఆమెలో ఒకటి, మొగుడిలో ఒకటి, ఇద్దరూ ఆరోగ్యంగానే తిరుగుతారు. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం.

1945లో ఆయన రెండో పెళ్లి చేసుకున్నది శిష్యురాలు హెలెన్ స్పర్వేని. యుద్ధకాలంలో జలాంతర్గాముల కోసం ఊపిరాడని ఉక్కుగదిలో ప్రాణాలకు తెగించి చేసిన ప్రయోగాల్లో ఆవిడా కూర్చుంది. 1956లో పోలీసు కుక్క తోక తొక్కిందని కేసు పెడితే, జరిమానా కట్టనని మొండికేసి జైలుకెళ్లింది. సరిజోడే! ఈజిప్టు మీద బ్రిటన్ దాడిని నిరసించి 1957లో ఇద్దరూ మనదేశం వచ్చేశారు. మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని గణాంక సంస్థలో చేరారు. హాల్డేన్ పంచె కట్టాడు, మాంసం మానేశాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన ఇక్కడ నేర్పిన పద్ధతి. పేదదేశంలో ఖరీదైన యంత్రాల కోసం ఏడుస్తూ కూర్చోకుండా, కళ్లు, ఓపిక, నోటుపుస్తకం పెట్టుకుని పని మొదలుపెట్టమన్నాడు. పిట్టల్ని కాల్చి చంపకుండానే వాటి గురించి తెలుసుకోవచ్చని 1959లో ఒక వ్యాసమే రాశాడు. శిష్యుడు రాయ్ రోజూ పారిజాతం పూలు ఏరి రేకులు లెక్కపెట్టేవాడు. ఒకే చెట్టు పూలలో కొన్నిటికి అయిదు, కొన్నిటికి ఆరు, ఏడు. పూజకి పూలు ఏరిన మనం ఎప్పుడైనా చూశామా? జయకర్, హెలెన్ కలిసి ఎండాకాలంలో బయలు నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్టల్ని గమనించారు. గోడకు మట్టిగూడు కట్టే కుమ్మరి పురుగును కూడా వదల్లేదు. భ్రమరకీటక న్యాయం చెప్పుకునే మనం ఆ గూడును చీపురుతో రాల్చేస్తాం. పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు లంటానా పూల దగ్గర కాపు కాశాడు. అదే, కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టు అంటారు. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవు మీద వాలుతోందో లెక్కకట్టి 1960లో పెద్ద పత్రికలో అచ్చేయించాడు. ఇప్పుడు అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి పులుల్ని లెక్కిస్తున్నారు, మంచిదే. కానీ చూపు మాత్రం ఆ పాతదే.

ఆ కృష్ణారావే, మీరాఖాన్ అనే మరో తెలుగాయనతో కలిసి, మన మేనరికాల లెక్క తీశాడు. ఆస్పత్రికొచ్చినవాళ్లను మీ అమ్మానాన్నలు చుట్టాలా, మీ ఆయన మీకేమవుతాడు అని అడగడమే పరిశోధన! మేనమామను చేసుకునే ఆచారం యూరపులో లేదు, ఇక్కడుంది, అందుకే హాల్డేన్‌కి ఆసక్తి. ఒకే పూర్వీకుడి జన్యువు రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం మేనబావతో పదహారింట ఒక వంతు, మేనమామతో ఎనిమిదింట ఒక వంతు. నాదీ మేనరికమే. మేనమామకే ఇచ్చారు. పెద్దది బాగానే ఉంది, రెండోవాడు ఆరేళ్లకే పోయాడు. మేనరికం వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అడగాలని అప్పుడు మాకు తెలియదు.

1962లో భువనేశ్వర్ చేరిన హాల్డేన్‌కి పేగు క్యాన్సర్ వచ్చింది. ఆస్పత్రి మంచం మీద తన జబ్బు మీద తనే నవ్వుపుట్టించే పద్యం రాసి, అనుమానం రాగానే పరీక్ష చేయించుకోమని లోకానికి చెప్పాడు. 1964 డిసెంబరు 1న పోయాడు. వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి పంపారు, పిల్లలు చదువుకోవడానికి. హెలెన్ మనదేశం వదల్లేదు. హైదరాబాదులో ఉండి, 1978లో అక్కడే కన్నుమూసింది.

కిందటి నెల మళ్లీ గూడేనికి వెళ్లి ఆ తల్లికి రెండు రకాల గింజలు చేతిలో పెట్టి ఇదంతా చెప్పాను. నల్లగింజ అటొకటి, ఇటొకటి అని తనే పేర్చి చూసుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పెద్దపిల్లను ఆడపడుచు కొడుక్కి అనుకున్నారట, మాట కూడా అయిపోయిందట. మర్నాడు పెద్దపిల్లనీ, ఆ అబ్బాయినీ వెంటబెట్టుకుని తనే ఆస్పత్రికి వచ్చింది. అమ్మాయి రక్తంలో ఒక నల్లగింజ ఉందని తేలింది. అబ్బాయి రిపోర్టు ఇంకా రాలేదు.