స్నూకర్ పుట్టింది మన దేశంలోనే.. ఆ పేరు పెట్టిన ఆఫీసర్ ఎవరో తెలుసా?

ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు ఓ ఆకుపచ్చ టేబుల్, దాని మీద ఎర్ర బంతుల గుంపు కనిపిస్తాయి. ఆటగాడు వంగి, గురి చూసి, కర్రతో మెల్లగా తడితే బంతి వెళ్లి పాకెట్‌లో పడుతుంది. అదే స్నూకర్. ఇది ఇంగ్లండ్ వాళ్ల ఆట అని చాలామంది అనుకుంటారు. కానీ ఈ ఆట పుట్టింది జబల్‌పూర్‌లో. దీని రూల్స్ గోడకెక్కింది ఊటీలో. ఈ రెండు చోట్లా ఉన్న మనిషి ఒక్కడే. ఆయన పేరు సర్ నెవిల్ చాంబర్లేన్.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ ప్రధానిగా ఉన్న నెవిల్ చాంబర్లేన్ ఈయన కాదు. పేరు ఒక్కటే, మనుషులు వేరు. మనం చెప్పుకునే చాంబర్లేన్ సైనికుడు. 1856 జనవరి 13న ఇంగ్లండ్‌లో పుట్టారు. 1873లో సైన్యంలో చేరి, డెవన్‌షైర్ రెజిమెంట్‌తో ఇండియాకు వచ్చారు.

వానాకాలం.. బోర్ కొట్టి పుట్టిన ఆట

1875. జబల్‌పూర్‌లో వానలు దంచి కొడుతున్నాయి. బయట కవాతు లేదు, వేట లేదు. కుర్ర ఆఫీసర్లంతా మెస్‌లో బిలియర్డ్స్ టేబుల్ చుట్టూ చేరారు. అప్పట్లో ఆ టేబుల్ మీద డబ్బు పందెంతో పిరమిడ్స్, బ్లాక్ పూల్ లాంటి ఆటలు ఆడేవారు. పిరమిడ్స్‌లో 15 ఎర్ర బంతులు ఉంటాయి. బ్లాక్ పూల్‌లో నల్ల బంతి అదనం. వీటన్నింటినీ కలిపి, ఇంకో రెండు మూడు రంగు బంతులు వేసి ఆడితే ఎలా ఉంటుందన్న ఆలోచన చాంబర్లేన్‌కు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు.

మరి ఆ పేరు ఎక్కడిది? అదొక వెక్కిరింపు మాట. ఇంగ్లండ్‌లోని వూల్విచ్ మిలిటరీ అకాడమీలో మొదటి ఏడాది కుర్రాళ్లను స్నూకర్లు అని ఏడిపించేవారు. అంటే ఏమీ తెలియని కొత్తోళ్లు అని. అక్కడ చదివొచ్చిన ఓ ఆఫీసర్ ఈ మాటను జబల్‌పూర్ మెస్‌లో చెప్పాడు. కాసేపటికే ఒక ఆటగాడు చాలా ఈజీ బంతిని మిస్ చేశాడు. చాంబర్లేన్ వెంటనే అతన్ని స్నూకర్ అని ఆటపట్టించారు. అతను నొచ్చుకోకుండా, ఈ ఆటకు అందరం కొత్తవాళ్లమే, కాబట్టి అందరం స్నూకర్లమేనని సర్దిచెప్పారు. చివరికి ఆటకు కూడా అదే పేరు పెట్టేశారు.

జబల్‌పూర్ నుంచి ఊటీ.. మధ్యలో మన భద్రాచలం

మరుసటి ఏడాదే ఆయన సెంట్రల్ ఇండియా హార్స్ అనే అశ్విక దళానికి మారారు. ఆట కూడా ఆయన వెంటే వెళ్లింది. తర్వాత అఫ్గాన్ యుద్ధంలో జనరల్ ఫ్రెడరిక్ రాబర్ట్స్ దగ్గర పనిచేశారు. ఆ యుద్ధంలో గాయపడ్డారు కూడా. 1881లో రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యారు. చాంబర్లేన్‌నూ తన వెంట తెచ్చుకున్నారు. ఎండాకాలం వస్తే దొరలంతా ఊటీ కొండెక్కేవారు కదా. అక్కడి ఊటీ క్లబ్‌లోనే స్నూకర్‌కు ఒక రూపం వచ్చింది. రూల్స్ రాసి బిలియర్డ్స్ రూమ్ గోడకు తగిలించారు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. అప్పట్లో ఖమ్మం నిజాం రాజ్యంలో ఉండేది. భద్రాచలం మాత్రం జబల్‌పూర్ ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండేది. 1874లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లాలో కలిపారు. అంటే భద్రాచలం తాలూకా ఏ సర్కారు నుంచి ఏ సర్కారుకు మారిందో, కొన్నేళ్ల తేడాతో స్నూకర్ కూడా అదే దారిలో వచ్చింది.

కానీ ఈ మార్పు అడవిలో ఉన్నవాళ్లకు ఆట కాదు. మద్రాసు పాలనలోకి వచ్చాక రేకపల్లె వైపు పోడు సాగు మీద పన్ను పెరిగింది. ఆంక్షలు వచ్చాయి. 1879లో రంపలో మొదలైన పితూరీ ఈ వైపు కూడా పాకడానికి అదీ ఒక కారణం. దాన్ని అణచడానికి దిగిన బలగాల్లో మద్రాసు సైన్యం దళాలు ఉన్నాయి. ఆ తర్వాత ఏడాది రెండేళ్లకే, అదే సైన్యం పెద్దలు ఊటీలో తీరిగ్గా రంగు బంతులు లెక్కపెట్టుకున్నారు. స్నూకర్ చరిత్ర చెప్పుకుంటే ఈ రెండో వైపు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆట సముద్రం దాటింది.. పేరు మాత్రం దాటలేదు

1885లో ఇంగ్లండ్ బిలియర్డ్స్ చాంపియన్ జాన్ రాబర్ట్స్ జూనియర్ కలకత్తా వచ్చారు. కూచ్‌బెహార్ మహారాజా విందులో చాంబర్లేన్‌ను కలిసి ఆట రూల్స్ అడిగి తెలుసుకున్నారు. స్నూకర్‌ను ఇంగ్లండ్ చేర్చింది ఆయనేనని చెబుతారు. 1927లో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. జో డేవిస్ గెలిచారు. ఆట పెద్దదైంది. కానీ దాన్ని మొదలుపెట్టిందెవరో జనం మర్చిపోయారు.

చాంబర్లేన్ మాత్రం ఉద్యోగాల్లో మునిగిపోయారు. కశ్మీర్ సంస్థానంలో సైనిక కార్యదర్శిగా చేశారు. 1900లో ఐర్లండ్ పోలీసు దళానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 16 ఏళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. అదే ఏడాది ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ఇండియాలో అయినా, ఐర్లండ్‌లో అయినా ఆయన జీవితమంతా సామ్రాజ్యం కొలువులోనే గడిచింది.

ఈలోగా స్నూకర్ ఎక్కడ పుట్టిందన్న దాని మీద రకరకాల కథలు పుట్టాయి. వూల్విచ్‌లోనే పుట్టిందని కొందరు వాదించారు. చివరికి 1938 మార్చిలో, 82 ఏళ్ల వయసులో, చాంబర్లేనే కలం పట్టారు. ది ఫీల్డ్ అనే పత్రికకు లేఖ రాసి జబల్‌పూర్ సంగతి, ఊటీ సంగతి చెప్పారు. ఆయనకు మద్దతుగా మరికొందరు ముందుకొచ్చారు. మరుసటి ఏడాది రచయిత కాంప్టన్ మెకంజీ కూడా ఆయన వైపే నిలిచారు. అంటే ఆట పుట్టిన 63 ఏళ్లకు గానీ దాని సృష్టికర్తగా ఆయన పేరు బయటికి రాలేదు. 1944 మే 28న, 88 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

పుట్టింటికి రావడానికి 138 ఏళ్లు

ఆయన పోయాక ఆట ఇంకా మారిపోయింది. 1976లో ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ప్రపంచ ర్యాంకులు మొదలయ్యాయి. ర్యాంకింగ్ టోర్నీ అంటే గెలిచిన దాన్నిబట్టి ర్యాంకు మారే పోటీ. ఇప్పుడైతే రెండేళ్లలో గెల్చుకున్న ప్రైజ్‌మనీయే పాయింట్లు. ఒక పౌండ్‌కు ఒక పాయింట్. ర్యాంకుల్లో టాప్‌లో ఉన్నవాళ్లు షెఫీల్డ్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్‌కు నేరుగా వెళ్తారు. మిగతావాళ్లు క్వాలిఫయర్లు ఆడి గెలవాల్సిందే.

అలాంటి టోర్నీ ఆట పుట్టిన దేశానికి వచ్చింది 2013లో. ఢిల్లీలో జరిగిన ఆ ఇండియన్ ఓపెన్‌లో మన ఆదిత్య మెహతా ఫైనల్‌కు చేరారు. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడిపోయారు. తర్వాత టోర్నీ ముంబైకి వెళ్లింది. ఆ తర్వాత వరసగా రెండుసార్లు తెలుగు నేలకే వచ్చింది. 2016 జులైలో హైదరాబాద్‌లో స్కాట్లండ్ ఆటగాడు ఆంథనీ మెక్‌గిల్ 5-2తో కైరెన్ విల్సన్‌ను ఓడించారు. 2017 సెప్టెంబర్‌లో విశాఖలో అదే మెక్‌గిల్ మళ్లీ ఫైనల్ ఆడి, జాన్ హిగ్గిన్స్ చేతిలో 1-5తో ఓడారు. 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్ గెలిచారు. ఈ ఐదు టోర్నీల్లో ఒక్కటీ మనవాళ్లకు దక్కలేదు.

ఖమ్మం నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లే. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు అంత దగ్గరికి వచ్చి వెళ్లారన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఇంకో మాట. వేసవిలో భద్రాచలం అడవుల్లో ఆకు కోసే తునికి చెట్టు ఎబొనీ జాతికి చెందింది. స్నూకర్ కర్ర పిడి భాగానికి వాడే కలపల్లో ఎబొనీ నల్ల చేవ కూడా ఒకటి.

ఆట పుట్టింది ఈ దేశంలో. కానీ పుట్టింది ఆఫీసర్ల మెస్‌లో, పెరిగింది దొరల క్లబ్‌లో. అందుకే అది మామూలు కుర్రాళ్లకు చేరడానికి తరాలు పట్టింది. ఇప్పుడు చిన్న టౌన్ పార్లర్‌లో కూడా గంటకు కొంత డబ్బు కడితే టేబుల్ దొరుకుతోంది. మొదటిసారి కర్ర పట్టి, ఈజీ బంతి మిస్ చేసి, ఫ్రెండ్స్ నవ్వితే సిగ్గుపడకండి. ఆ తప్పు మీదే ఈ ఆటకు పేరు వచ్చింది.