వాల్వులో మూడో తీగ: లీ డి ఫారెస్ట్

ట్రాన్సిస్టర్లు రాకముందు మన సికింద్రాబాద్ ఇరానీ హోటళ్ళలో పాటలు వినిపించిన పెద్ద రేడియోలు వాల్వులతో నడిచినవే. ఆ వాల్వులో మూడో తీగను చేర్చిన వ్యక్తి లీ డి ఫారెస్ట్. మన ఫిజిక్స్ పాఠంలో ఆయన పేరు ఒక్క లైనులో ముగుస్తుంది. ఆయన పెరిగిన చోటు గురించి అందులో ఉండదు కనుక మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

డి ఫారెస్ట్ 1873 ఆగస్టు 26న అమెరికాలోని కౌన్సిల్ బ్లఫ్స్‌లో జన్మించారు. తండ్రి పాస్టరు. 1879లో ఆ తండ్రి అలబామాలోని టల్లడేగా కళాశాలకు అధ్యక్షుడిగా వెళ్ళారు. బానిసత్వం నుండి విడుదలైన నల్లజాతి వారి కోసం 1867లో మొదలైన సంస్థ అది. దాని ముఖ్య భవనం అంతకుముందు తెల్లపిల్లల బడి. దాన్ని కట్టిన బానిసల్లో విలియం సావరీ అనే వడ్రంగి ఒకరు. తాను కట్టిన బడిలో తన పిల్లలకు చోటు లేదు. విముక్తి వచ్చాక ఆ భవనాన్నే తమ వారి చదువు కోసం సంపాదించడంలో ఆయన ముందున్నారు. ఇది చదివినప్పుడు మేము కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం.

నల్లవారికి చదువు చెబుతున్నారని ఊళ్ళోని తెల్లవారు డి ఫారెస్ట్ కుటుంబాన్ని దూరం పెట్టారు. వెలి అంటే ఏమిటో మన హాస్టల్ వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పిల్లవాడికి నల్లపిల్లలే నేస్తాలు. కొడుకు కూడా పాస్టరు కావాలని తండ్రి కోరిక. కొడుకు మనసేమో యంత్రాల మీద. వంశంలో ఒకరు ఏర్పాటు చేసిన స్కాలర్‌షిప్‌తో యేల్ విశ్వవిద్యాలయంలో చదివి 1899లో పీహెచ్‌డీ పొందారు.

1904లో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఎలక్ట్రోడులు రెండే. 1906లో డి ఫారెస్ట్ వాటి మధ్య మెలితిప్పిన తీగను గ్రిడ్‌గా పెట్టారు. గ్రిడ్ మీద వోల్టేజి కొద్దిగా మారితే ప్లేటు కరెంటు బాగా మారుతుంది. తమాషా ఏమిటంటే, అది ఎలా పనిచేస్తుందో ఆయనకే సరిగా తెలియదు. లోపల కాస్త గ్యాసు ఉండాలనుకున్నారు. 1913లో మోసం కేసులో కోర్టుకెక్కినప్పుడు ఆ గాజుబుడ్డి పనికిమాలినదని ప్రభుత్వ న్యాయవాది వాదించారు. ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. ఆ ఏడాదే ఏటీ అండ్ టీ కంపెనీ దాని టెలిఫోన్ హక్కులను 50,000 డాలర్లకు కొంది. అక్కడ హెరాల్డ్ ఆర్నాల్డ్ గ్యాసును పూర్తిగా తీయించాక, 1915లో న్యూయార్క్ మాట శాన్‌ఫ్రాన్సిస్కోలో వినిపించింది.

ఇంట్లో పాట వినేవారికి మరో చిక్కుంది. వాల్వు ఇచ్చేది ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకరుకు కావలసింది దానికి తలకిందులు. వాల్వుకు 3,200 ఓమ్‌ల లోడు కావాలి, స్పీకరు 8 ఓమ్‌లే అనుకుందాం. నిష్పత్తి 400. దాని వర్గమూలం 20. అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వు వైపు 20 చుట్లకు స్పీకరు వైపు 1 చుట్టు ఉండాలి. అంతటితో అయిపోలేదు. 1938 నాటి 300బి వాల్వు ఒక్కటే ఉంటే వచ్చేది సుమారు 8 వాట్లు. 1 వాటుకు 98 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరుకు అది చాలా ఎక్కువ. 84 డెసిబెల్స్ ఇచ్చేదానికైతే ఆ 1 వాటు శబ్దం రావడానికే 25 వాట్లు కావాలి. ఖరీదు చూసి స్పీకరు కొంటే సరిపోదు, జత కుదరాలి.

డి ఫారెస్ట్‌కు జీవితమంతా పేటెంటు తగాదాలే. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో నడిచిన కేసులో 1934లో సుప్రీంకోర్టు ఈయన పక్షాన తీర్పిచ్చినా, ఇంజనీర్లలో చాలామంది ఆర్మ్‌స్ట్రాంగ్‌దే న్యాయమన్నారు. మాకూ అలాగే అనిపిస్తుంది. 1961 జూన్ 30న హాలీవుడ్‌లో ఆయన కన్నుమూసేనాటికి బ్యాంకులో మిగిలింది 1,250 డాలర్లు.