రోజరు విలియమ్సు చరిత్రము

ప్రభుత్వమునకు మనుష్యుని ధనప్రాణములపై అధికారము గలదు గాని అంతరాత్మపై లేదను ధర్మమును గ్రంథమున వ్రాయుటతో నిలువక, ఒక రాజ్యమునకు పునాదిగా వేసిన రోజరు విలియమ్సు జీవితమును మేమిచట సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఈయన 1603వ సంవత్సర ప్రాంతమున లండను నగరమునందు వస్త్రవర్తకుని యింట జనించెను. బాల్యముననే వడిగా వ్రాయు సంక్షేపలిపియందు నేర్పరియై, ప్రఖ్యాత న్యాయవేత్తయగు సర్ ఎడ్వర్డు కోకు ప్రాపు సంపాదించి, కేంబ్రిడ్జిలో జదివి 1627లో పట్టము పొందెను. రాజు విధించిన పూజాక్రమమునే ప్రజలెల్లరు అనుసరింపవలసిన కాలమది. విలియమ్సు అది సహింపక, 1631లో భార్యతో గూడ అమెరికాలోని మసాచుసెట్సు వలసకు జేరెను.

అచటివారును స్వదేశమున మతబాధ లనుభవించి వచ్చినవారే. అయినను అధికారము చేత జిక్కగానే, తమ మార్గమును మెచ్చనివారిని తామును బాధింపసాగిరి. సేలము పట్టణమున ఉపదేశకుడైన విలియమ్సు, దైవారాధనకు సంబంధించిన తప్పులను విచారించుట న్యాయాధిపతుల పని కాదనియు, ఆదిమవాసుల భూములను దానమిచ్చుటకు ఆంగ్లరాజునకు హక్కు లేదనియు నిర్భయముగా బోధించెను. 1635 అక్టోబరులో ప్రభుత్వసభ ఆయనకు బహిష్కారము విధించెను. తన్ను నౌక యెక్కించి ఇంగ్లండునకు బంపనున్నారని తెలిసి, 1636 జనవరిలో మంచు కురియుచుండగా ఆయన అడవులబడి పోయెను. ఆ శీతకాలమున ఆశ్రయమిచ్చినవారు స్వమతస్థులు గారు, ఆదిమవాసులు.

ఆ యేటనే నారగాన్సెట్టు జాతి నాయకుల యొద్ద భూమి సంపాదించి ప్రావిడెన్సు గ్రామమును స్థాపించెను. అధికసంఖ్యాకుల నిర్ణయమునకు లౌకికవిషయములందు మాత్రమే లోబడుదుమని గ్రామస్థులు ఒడంబడిక వ్రాసికొనిరి. 1638లో, భార్యను ప్రార్థనాసభలకు బోనీయని గృహస్థునొకనికి వారు వోటుహక్కు తీసివేసిరి. భార్య యంతరాత్మపై భర్తకు సైతము దొరతనము లేదని దీని తాత్పర్యము.

1644లో లండనునందు తన వలసకు సన్నదు సంపాదించి, మతహింసను ఖండించు గ్రంథము నొకదానిని ప్రకటించెను. పార్లమెంటు దానిని దహింప నాజ్ఞాపించెను. మతసంఘము పట్టణములోని వర్తకసంఘము వంటిదనియు, అది కలహించి చీలినను పట్టణశాంతికి భంగము లేదనియు ఆయన యందు వాదించెను. న్యాయవాదవృత్తిలోనున్న మాకు ఈ యుక్తి మిక్కిలి బలవత్తరముగా దోచుచున్నది. ఏలయన, శాంతిభంగము చేసినవాడు ఆ నేరమునకే శిక్షింపబడును. వాని విశ్వాసమును విచారింప బనిలేదు.

ఈ సిద్ధాంతమునకు గట్టి పరీక్ష క్వేకరుల వలన గలిగెను. 1659 మొదలు 1661 వఱకు బోస్టనులో నలుగురు క్వేకరులు ఉరితీయబడిరి. విలియమ్సుగారి వలసయగు రోడు ఐలండు మాత్రము వారిని వెడలగొట్ట నిరాకరించెను. ఆయనకు క్వేకరుల బోధ బొత్తిగా గిట్టదు. డెబ్బదియేండ్లకు సమీపించిన వయస్సున, 1672లో, దినమంతయు తానే పడవ నడపుకొని న్యూపోర్టునకు బోయి, అచట మూడుదినములును ప్రావిడెన్సున నొకదినమును వారితో వాదించెను. వాదముచే గెలువజూచెనే గాని, చట్టముచే నోరు మూయింపజూడలేదు.

ఆయన నిర్దోషియని మేము చెప్పము. 1676లో ఆదిమవాసులతో జరిగిన యుద్ధమున ప్రావిడెన్సు దగ్ధమైన పిమ్మట, చెఱపట్టిన వారిని దాస్యమునకు బంచిపెట్టిన సంఘములో ఆయనయు నుండెను. ఈ మచ్చను దాచుట చరిత్రకారుని ధర్మము గాదు.

1683లో విలియమ్సు మృతినొందెను. 1791లో అమెరికా రాజ్యాంగమునకు జేర్చిన మొదటి సవరణ, ప్రభుత్వము మతమును స్థాపింపరాదని శాసించెను. మసాచుసెట్సు శాసనసభ ఆయన బహిష్కారమును 1936లో రద్దుపఱచెను.

తనకు నచ్చిన మతమునకు స్వేచ్ఛ గోరనివాడు లేడు. తాను అసత్యమని యెంచిన మతమునకు సైతము స్వేచ్ఛ గోరుట యరుదు. చదువరులు తామధికసంఖ్యాకులుగా నుండు సభలయందు ఈ చరిత్రమును దలచుకొందురు గాక.