ఊరి నాడి చూసిన వైద్యుడు – పాట్రిక్ గెడ్డెస్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి, ప్రకాశం పంతులు గారి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నా సర్వీసులో సగానికి పైగా టౌన్ ప్లానింగ్ సెక్షన్లో గుమస్తాగా గడిచింది కనుక, ఆ శాఖకు పితామహుడనదగిన ఒక స్కాట్లండు దొర గురించి రాస్తున్నాను. విచిత్రమేమిటంటే అన్నేళ్ల సర్వీసులో ఆయన పేరు ఒక్క ఫైలులోనూ నా కంట పడలేదు. రిటైరయ్యాక హైదరాబాదులో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు, కాలక్షేపానికి వెళ్లిన గ్రంథాలయంలో ఆయన నివేదికల సంపుటం ఒకటి చేతికి తగిలింది. అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం తరువాత మనవి చేస్తాను.

పాట్రిక్ గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండులోని బాలటర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసిన మనిషి. కుటుంబం పెర్త్ పట్టణం పక్కన కొండవాలులో ఒక చిన్న ఇంట్లో ఉండేది. పెరటి తోటపని తండ్రే నేర్పారు. చదువు అయ్యాక కుర్రవాడిని బ్యాంకులో చేర్చారు. ఏడాదిన్నర పాటు లెడ్జర్లు రాశారు. అంటే ఆయనా మొదట మన గుమస్తా వర్గమే! కానీ మనసు మొక్కల మీద, జీవుల మీద ఉంది. బ్యాంకు వదిలి లండను వెళ్లి, ఆ కాలంలో మహా శాస్త్రజ్ఞుడని పేరుపొందిన హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం నేర్చుకున్నారు. డిగ్రీ మాత్రం ఎన్నడూ తీసుకోలేదు.

1879లో పరిశోధనకు మెక్సికో వెళ్లినప్పుడు ఉన్నట్టుండి చూపు పోయింది. వారాల తరబడి చీకటి గదిలో కూర్చోవలసి వచ్చింది. ఇరవై అయిదేళ్ల వాడికి అంతకన్న శిక్ష ఏముంటుంది? కిటికీ చట్రాన్ని చేత్తో తడుముతూ, ఆ గళ్లలో ఒక్కొక్క విషయాన్ని అమర్చుకుంటూ ఆలోచించడం అప్పుడు అలవాటయింది. జీవితాంతం కాగితాన్ని గళ్లుగా మడిచి ఆలోచించడం ఆయన పద్ధతి అయిపోయింది. చూపు తిరిగి వచ్చింది గానీ మైక్రోస్కోపు ముందు గంటలకొద్దీ కూర్చునే శక్తి పోయింది. చిన్న కణాల మీద నుంచి దృష్టి మనుషుల మీదికి, వాళ్లు కట్టుకున్న ఊళ్ల మీదికి మళ్లింది.

ఎడిన్‌బరో నగరంలో పాత బస్తీ ఒకటి, కొత్త బస్తీ ఒకటి ఉన్నాయి. డబ్బున్నవాళ్లంతా కొత్త బస్తీకి తరలిపోగా, పాత బస్తీలో ఏడెనిమిది అంతస్తుల పాడుబడ్డ కొంపల్లో బీదాబిక్కీ కిక్కిరిసి ఉండేవారు. మురుగు, జబ్బులు, తాగుడు. 1886లో గెడ్డెస్ గారు అన్నా మోర్టన్ అనే లివర్‌పూల్ వ్యాపారి కుమార్తెను వివాహం చేసుకున్నారు. పెళ్లయిన కొద్దికాలానికే భార్యను వెంటబెట్టుకుని ఆ పాత బస్తీలోనే జేమ్స్ కోర్టు అనే వాడలో కాపురం పెట్టారు. అలవాటైన సుఖం వదిలి వచ్చిన ఆ ఇల్లాలిని ముందుగా తలచుకోవాలి. ఇద్దరూ తమ వాకిలి తాము ఊడ్చుకున్నారు, గోడలకు వెల్ల వేశారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టారు. ఇరుగుపొరుగు మొదట వింతగా చూశారు, తరువాత వాళ్లూ చీపుర్లు పట్టుకుని వచ్చారు. ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు, ఎవరి ఇల్లూ ఖాళీ చేయించలేదు.

1887లో అక్కడే విద్యార్థులకు వసతి గృహం మొదలుపెట్టారు. దాన్ని నడుపుకునే బాధ్యత విద్యార్థులదే. ఆ తరువాత కోట పక్కన రామ్సే గార్డెన్ అనే ఇళ్ల సముదాయం కట్టించారు. చదువుకున్నవాళ్లు, పనివాళ్లు ఒకే వీధిలో ఎదురుపడుతూ ఉండాలన్నది ఆయన పట్టుదల. 1892లో ఒక పాత మేడను తీసుకుని నగర దర్శన శిఖరంగా మార్చారు. పైకి ఎక్కితే అద్దాల యంత్రంలో ఊరంతా తెల్లబల్ల మీద కదులుతూ కనిపిస్తుంది. ఒక్కో అంతస్తు దిగుతుంటే ముందు ఎడిన్‌బరో, తరువాత స్కాట్లండు, అలా దిగి దిగి అట్టడుగుకు వచ్చేసరికి ప్రపంచం. సొంత ఊరు తెలియనివాడికి లోకం తెలియదని చెప్పకుండానే చెప్పినట్లు ఉండేది. ఆ మేడ ఇప్పటికీ సందర్శకులు చూసే చోటుగానే ఉంది.

కొన్నేళ్ల తరువాత ఆయన శిష్యబృందం పాత బస్తీలో ఖాళీ జాగాలను సర్వే చేసింది. ఇళ్ల మధ్య, గోడల వెనుక, చెత్తపోసి వదిలేసిన ముక్కలు 76 తేలాయి, అన్నీ కలిపితే సుమారు 10 ఎకరాలు. కుమార్తె నోరా పూనుకుని వాటిలో కొన్నింటిని చిన్న తోటలుగా మార్చింది. పిల్లలు ఆడుకోవడానికి, తల్లులు కూర్చోవడానికి.

ఆయనలో లోపాలు లేవని అనను. డబ్బు లెక్క బొత్తిగా తెలియదు. ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి మొదలుపెట్టేవారు. అప్పులు మీదపడితే 1896లో మిత్రులు ఒక సంస్థ పెట్టి ఆస్తులను గట్టెక్కించవలసి వచ్చింది. ఇంటి ఖాతాలు అన్నా గారు చూసుకోబట్టి బతికారు. గడ్డంలో గొణుగుతూ గంటల తరబడి మాట్లాడేవారట. వినేవాళ్లకు సగమే అర్థమయ్యేది. 1888 నుంచి 1919 వరకు డండీలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా ఉన్నా, అక్కడ పాఠం చెప్పవలసింది వేసవి నెలల్లోనే కాబట్టి మిగతా ఏడాదంతా ఊళ్ల వెంట తిరగడానికి కుదిరింది.

ఇక మన దేశం సంగతి. ఆయన నగరాల చరిత్ర, పటాలు, చిత్రాలు సేకరించి ఒక ప్రదర్శన తయారుచేశారు. 1913లో బెల్జియంలోని గెంట్ నగరంలో దానికి గొప్ప బహుమతి వచ్చింది. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండు దాన్ని తీసుకురమ్మని ఆహ్వానించారు. 1914లో ఆయన పెద్దకొడుకు అలస్డేర్‌తో ఒక ఓడలో, ప్రదర్శన పెట్టెలు వేరొక ఓడలో బయలుదేరాయి. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే మొదలైంది. మన పెద్దవాళ్లు ఎమ్డెన్ కథ చెప్పేవారు గుర్తుందా? 1914 సెప్టెంబరులో మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఆ జర్మను ఓడే, అక్టోబరులో ఈ పెట్టెలున్న క్లాన్ గ్రాంట్ ఓడను ముంచేసింది. ఎన్నో ఏళ్ల కష్టం సముద్రం పాలైంది. అరవై ఏళ్ల మనిషి. మన లెక్కలో రిటైరైపోయిన వయసు. ఇంటి ముఖం పట్టలేదు. మిత్రులకు తంతులు కొట్టి, కొత్తగా పటాలు తెప్పించి, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిపించే తీరారు.

ఆ తరువాత పదేళ్లలో దాదాపు 50 ఊళ్లు చూసి నివేదికలు రాశారు. పద్ధతి ఒకటే. పటం చంకన పెట్టుకుని తెల్లవారి నుంచి సందుల్లో నడవడం. ఏ బావి దగ్గర ఆడవాళ్లు నిలబడి మాట్లాడుకుంటున్నారు, ఏ చెట్టు కింద ముసలివాళ్లు కూర్చుంటున్నారు, ఏ గుడి ముందు పిల్లలు ఆడుతున్నారు, అన్నీ గుర్తించడం. ఆ రోజుల్లో ఇంజనీర్లకు తెలిసిన వైద్యం ఒకటే. స్కేలు పెట్టి పటం మీద తిన్నగా గీత గీయడం, అడ్డొచ్చిన ఇళ్లు పడగొట్టడం. ఇల్లు పోయినవాడు ఎక్కడికి పోతాడు? పక్క వీధిలో మరో ఇంట్లో ఇరుక్కుంటాడు. ఇరుకు తగ్గించడానికి చేసిన పని ఇరుకును ఇంకా పెంచుతుందని ఆయన లెక్కలతో చూపించారు. తంజావూరు కోట ప్రాంతానికి పురపాలక ఇంజనీర్లు వేసిన ఎస్టిమేటు 30,000 రూపాయలు. గెడ్డెస్ గారు ఇల్లిల్లూ తిరిగి, కూలిన గోడల చోట దారి కలిపి, ఖాళీ జాగాలో చెట్టు నాటి, 5,000తో సరిపోతుందన్నారు. కాలు కొట్టేయకుండా పుండు మాన్పే వైద్యం అన్నమాట. దోమల భయంతో చెరువులు, కోనేళ్లు పూడ్చేస్తుంటే, శుభ్రం చేసి చేపలను, బాతులను వదిలితే చాలదా అని వాదించారు. ఆరోగ్యశాఖ వాళ్లకు ఆయనంటే ఒళ్లుమంట.

1917 ఆయనకు చాలా చెడ్డ సంవత్సరం. ఏప్రిల్లో అలస్డేర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడని కబురు వచ్చింది. అప్పటికి అన్నా గారు కలకత్తాలో తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమెకు ఈ మాట చెప్పలేదు. కొడుకు అంతకుముందు రాసిన ఉత్తరాలే మంచం పక్కన కూర్చుని చదివి వినిపించారు. జూన్‌లో ఆమె కొడుకు పోయాడని తెలియకుండానే కన్నుమూశారు.

ఆ దుఃఖంలోనే ఇందూరు హోల్కరు మహారాజా సంస్థానానికి పనిచేశారు. ఊరంతా ప్లేగు. ఈ ముసలి దొర పటంతో వస్తుంటే, ఇళ్లు కూల్చడానికి వచ్చాడని, ప్లేగు తెచ్చేవాడు వీడేనని జనం తప్పుకుని పోయేవారు. ఆయన మహారాజా దగ్గరికి వెళ్లి, తనను ఒక్కరోజుకు రాజును చేయమని అడిగారు! మహారాజా ఒప్పుకున్నారు. దీపావళికి గొప్ప ఊరేగింపు ఉంటుందని చాటింపు వేయించారు. హిందువుల ఊరేగింపు దారి కాదు, ముస్లిముల దారీ కాదు, ఏ వీధి బాగా శుభ్రపడితే ఆ వీధిగుండానే వెళ్తుంది. చెత్త మోసుకుపోవడం ఉచితం. ఇక చూడండి, ఊరంతా పోటీలు పడి ఊడ్చింది, సున్నాలు కొట్టింది. చెత్త బండ్లకొద్దీ కదిలింది. ఎలుకలను వేల సంఖ్యలో పట్టారు.

ఆ రోజు ఏనుగులు, గుర్రాలు నడిచాయి. చేతివృత్తుల వారు నడిచారు. మురికి రాక్షసుడి బొమ్మ, పెద్ద ఎలుక బొమ్మ ఊరేగాయి. వాటి వెనుక తెల్లని కొత్త బట్టలు కట్టి, పూలదండలు వేసుకుని పారిశుధ్య కార్మికులు నడిచారు. ఆ కాలంలో వారికి పూలదండ ఎవరు వేస్తారు? వారి వెనుక లక్ష్మీదేవి, ఆపైన రాబోయే ఇళ్ల నమూనాలు. తులసి మొక్కల కుండీలు పంచిపెట్టారు. చివర మన రావణాసురుడి లాగానే రాక్షసుణ్ణి, ఎలుకను తగలబెట్టారు. ప్లేగు తగ్గింది. దాని కాలం అయిపోవడం కూడా ఒక కారణమని ఆయనే ఒప్పుకున్నారు. 1918లో ఇందూరు నివేదిక రెండు సంపుటాలుగా అచ్చయింది. ఈ మధ్య 2017 నుంచి 2023 దాకా స్వచ్ఛ సర్వేక్షణ్‌లో వరుసగా ఏడుసార్లు మొదటి స్థానం ఇందూరుకే వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననను గానీ, టీవీలో ఆ వార్త విన్నప్పుడు ఈ దొర గుర్తుకొచ్చారు.

నిద్ర పట్టని సంగతి చెబుతానన్నాను. 1980ల్లో నేను పనిచేసిన ఒక పురపాలక కార్యాలయంలో రోడ్డు వెడల్పు ఫైలు నా సీటుకు వచ్చింది. మూడు వీధుల మొగలో రావిచెట్టు, దాని చుట్టూ రాతి రచ్చబండ. వీధిలోని పది పన్నెండు ఇళ్ల అరుగులు కూడా గీతలోకి వచ్చాయి. రూలు ప్రకారం ఆక్రమణలని నోట్ పుటప్ చేసింది నేనే. ఫైలు పైకి వెళ్లింది, సంతకాలయ్యాయి, ఒక్క ఉదయంలో అన్నీ పోయాయి. వీధిలో ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి, చెట్టు ఉంచి రోడ్డు కాస్త పక్కకు తిప్పవచ్చు కదా బాబూ అని అడిగారు. అలా కుదరదండీ అని పంపేశాను. తరువాత ఆ ముసలివాళ్లు కొన్నాళ్లు మూసి ఉన్న కొట్ల మెట్ల మీద కూర్చునేవారు. ఆ తరువాత రావడం మానేశారు. వెడల్పయిన జాగాలో ఇప్పుడు ఆటోలు నిలుపుతున్నారు. పెద్దాయన అడిగింది, తంజావూరులో గెడ్డెస్ గారు రాసింది ఒకటేనని తెలియడానికి నాకు పాతికేళ్లు పట్టింది. ఇవాళ సాయంత్రం పూట కూర్చోవడానికి చోటు లేక నేను బ్యాంకు మెట్ల మీద కూర్చుంటున్నాను.

1919 నుంచి 1924 వరకు గెడ్డెస్ గారు బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర ఆచార్యులుగా ఉన్నారు. జగదీశ్ చంద్ర బోసు గారి జీవిత చరిత్ర 1920లో ప్రచురించారు. రవీంద్రునితో స్నేహం. చిన్నకొడుకు ఆర్థర్ వారి శ్రీనికేతనంలో పనిచేశాడు. మన హైదరాబాదుతోనూ సంబంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించగా 1923లో సర్వే నివేదిక ఇచ్చారు. భవనాల నమూనాలు తరువాత బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ గీశారు. మన సభ్యుల్లో ఎందరో అక్కడ చదువుకున్నవారే. 1925లో పాలస్తీనాలో టెల్ అవీవ్ నగరానికి ప్రణాళిక వేశారు. ఇళ్ల గుంపు మధ్యలో చిన్న తోట, దానికి చుట్టూ ఇళ్లు, లోపలికి సన్నని దారి. ఆ ప్రాంతాన్ని 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఆరోగ్యం దెబ్బతిని 1924లో ఫ్రాన్సు దక్షిణాన ఉన్న మోంపెల్లియేకు వెళ్లిపోయారు. అక్కడా ఊరుకోలేదు. రాతిగుట్ట మీద తోట పెంచి, వివిధ దేశాల విద్యార్థులకు కళాశాల మొదలుపెట్టారు. 1932లో సర్ బిరుదు ఇచ్చారు. ఆ ఏడే ఏప్రిల్ 17న అక్కడే పరమపదించారు. అప్పటికి 77 ఏళ్లు.

మన దేశపు నివేదికల్లోంచి ఎంపిక చేసిన భాగాలు 1947లో ఒక పుస్తకంగా వచ్చాయి. నేను చూసింది అదే. దానిలోంచి తంజావూరు, ఇందూరు భాగాలు తెలుగులో నోట్సు రాసుకున్నాను. నోటుపుస్తకం మన సంఘ కార్యాలయం బీరువాలో ఉంచాను. చదవదలచిన సభ్యులు, వారి మనవలు పనిదినాల్లో సాయంత్రం 5 గంటల తరువాత రిజిస్టరులో సంతకం చేసి తీసుకోవచ్చు.