ఆచార్య జగదీశచంద్ర బోసు

వృక్షములకు నోరు లేదు, నడక లేదు. అయినను వానికి తాకుడు తెలియుననియు, ఒక కొమ్మకు తగిలిన దెబ్బ వేరొక భాగమునకు వార్తవలె ప్రాకుననియు యంత్రసహాయమున లోకమునకు చూపిన మహనీయుడు జగదీశచంద్ర బోసు.

ఈయన 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమందలి మైమన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటు. అధికారుల బిడ్డలు ఆంగ్ల పాఠశాలలకు పోవుచుండిన ఆ దినములలో ఆయన కుమారుని మొదట మాతృభాషలో బోధించు బడికి పంపెను. అచ్చట బెస్తవాని కొడుకును, బంట్రోతు కొడుకును జగదీశునకు సహాధ్యాయులైరి. వారు చెప్పిన పశుపక్షుల కథలే తనకు ప్రకృతియందు ప్రీతి కలిగించెనని ఆయన పెద్దవాడైన పిమ్మట స్మరించెను. తరువాత కలకత్తాలోని సెయింటు జేవియరు కళాశాలలో, జెస్యూటు గురువగు లాఫాంటు గారి ప్రయోగములను చూచి భౌతికశాస్త్రమునకు ఆకర్షితుడయ్యెను.

1880లో వైద్యవిద్యకై ఇంగ్లాండునకు పోయెను గాని, జ్వరపీడచే దానిని విడిచి కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివెను. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అప్పుడు ఒకే పనికి ఐరోపావారికంటె భారతీయులకు తక్కువ జీతమిచ్చుచుండిరి. బోసు కలహింపలేదు, పని మానలేదు. జీతమును మాత్రము ముట్టక మూడేండ్లు పాఠములు చెప్పెను. తండ్రి అప్పులలో మునిగియున్న కాలమది. తుదకు అధికారులు ఆయన యోగ్యతను గుర్తించి, గడచిన కాలమునకు సైతము పూర్తి వేతనమొసగిరి. ఆ ధనము తండ్రి ఋణములు తీర్చుటకు వినియోగపడెను.

కళాశాలలో తగిన పరిశోధనాలయము లేకుండెను. ఆయన ఒక రేకుపనివానికి నేర్పి, తనకు కావలసిన పరికరములను చేయించుకొనెను. వానితోనే కంటికి కానరాని విద్యుత్తరంగములను పుట్టించి, 1895 ప్రాంతమున కలకత్తా నగరమందిరములో తీగ లేకయే దూరమునగల గంటను మ్రోగించెను.

పిమ్మట ఆయన దృష్టి మొక్కలపై నిలిచెను. అత్తిపత్తి ఆకును తాకిన ముడుచుకొనుట మనమందరము ఎరిగినదే. ఆ తాకుడు కాడ వెంట ఎంత వేగముగా పోవునో ఆయన కొలిచి, అది విద్యుత్ప్రేరణ యని వాదించెను. 1901లో లండనులోని రాయల్ సొసైటీ ఎదుట ఈ సంగతి చెప్పగా పెద్ద శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. ఆయన వ్యాసము అచ్చు కాలేదు. ఆయన నిరాశపడక మరియు సూక్ష్మమైన యంత్రములను నిర్మించెను. వానిలో క్రెస్కోగ్రాఫు మొక్క ఎదుగుదలను వేలకొలది రెట్లు పెద్దదిచేసి చూపును. 1917లో కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. తిరస్కరించిన ఆ సొసైటీయే 1920లో ఆయనను సభ్యునిగా గైకొనెను. 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించెను.

మొక్కలకు జంతువులవంటి నరములు గలవను భావమును నేటి శాస్త్రము అంగీకరింపదు. కాని వానిలో విద్యుత్ప్రేరణలు ప్రవహించుట స్థిరపడినది. ఒక చెట్టుకును మరియొక చెట్టుకును గల సంబంధమును ఇతరులు శోధించిరి. బోసు కొలువులో చేరిన 1885లోనే జర్మనీలో ఫ్రాంకు అను పండితుడు చెట్ల వేళ్లను శిలీంధ్రపు దారములు అల్లుకొని నీటిని, లవణములను అందించుననియు, ప్రతిగా చెట్టు వానికి ఆహారమిచ్చుననియు తెలిపెను. 1997లో కెనడా అడవులలో సుజాన్ సిమార్డు బృందమువారు, ఒక జాతి చెట్టునందలి కర్బనము ప్రక్కనున్న వేరొక జాతి చెట్టునకు చేరుటను కనుగొనిరి. ఇందులో శిలీంధ్రముల పాలెంత, చెట్లకు కలుగు మేలెంత యను విషయమై శాస్త్రజ్ఞులలో వాదము నడచుచునే యున్నది.

బాలబాలికలారా! మన ఎంకపల్లి ప్రాంతమున, మొయినాబాదునుండి చేవెళ్లకు పోవు బాటకు ఇరుప్రక్కల ఊడలు దింపిన మర్రులు గలవు. వాని నీడను నడచునప్పుడు, వాని వేళ్ల క్రింద ఏమి జరుగుచున్నదో యోచింపుడు. తోచినదానిని వెంటనే నమ్మకుడు, కొలిచి చూడుడు. మీరు కొలిచినది సత్యమైనచో, పెద్దలు కాదన్నను ఓర్పుతో మరల కొలిచి చూపుడు. బోసు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.